ధ్రువాల దగ్గర నాచు, లైకెన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

లైకెన్ అంటే ఏమిటి? నేనెప్పుడైనా చూశానా?

చూడటమే కాదు, తినే ఉంటారు. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు లైకెనే. ఒక వైపు బూడిదరంగు, ఇంకో వైపు నలుపు, ఎండిపోయిన కాగితం ముక్కలా ఉంటుంది. హైదరాబాదు కిరాణా కొట్లలో పత్తర్ కా ఫూల్ అని అడిగితే ఇచ్చేదీ ఇదే. పేరులో పువ్వు ఉంది గానీ అది పువ్వు కాదు, అసలు మొక్కే కాదు. ఒక శిలీంధ్రం, అంటే బూజూ పుట్టగొడుగుల వర్గానికి చెందిన జీవి, ఇల్లు కడుతుంది. ఆ ఇంట్లో ఒక శైవలం, అంటే చెరువు నీటిని పచ్చబరిచే రకం జీవి, కాపురముంటుంది. గోడలు, నీటి నిల్వ, ఎండ నుంచి కాపు శిలీంధ్రం పని. వెలుతురు పట్టి చక్కెర వండి పెట్టడం శైవలం పని.

సైమన్ ష్వెండెనర్ అనే స్విస్ వృక్షశాస్త్రవేత్త 1867లో ఈ సంగతి చెప్పినప్పుడు, జీవితమంతా లైకెన్ల మీదే గడిపిన పెద్దలు ఒప్పుకోలేదు, ఎగతాళి కూడా చేశారు. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉన్నది ఆయన మాటే. 2016లో టోబీ స్ప్రిబిల్ బృందం కొన్ని లైకెన్ల పైపొరలో ఈస్ట్ కూడా ఉందని చూపించింది. అంటే కాపురం ఇద్దరిదే అనుకున్న చోట మూడో మనిషి కూడా బయటపడ్డాడు.

నాచు అంటే చెరువు మీద తేలే పచ్చటిదేనా?

కాదు. ఈ గందరగోళం మన భాషలోనే ఉంది. చెరువులో తేలేదాన్నీ నాచే అంటాం, బావి గోడ మీద మెత్తగా పట్టేదాన్నీ నాచే అంటాం, నీళ్ళ తొట్టిలో జారేదాన్ని పాచి అంటాం. చెరువులోది శైవలం. బావి గోడ మీది మఖమల్ లాంటిది మాస్ అనే మొక్క (సినిమా మాస్‌కూ దీనికీ చుట్టరికం లేదు). దానికి చిన్న చిన్న ఆకులుంటాయి, కాండం లాంటిదీ ఉంటుంది, వేళ్ళు మాత్రం ఉండవు, పువ్వు పూయదు. ఇక్కడ నాచు అన్న ప్రతిచోటా ఈ గోడ మీది నాచే అనుకోండి.

అంటార్కిటికాలో అసలు మొక్కలున్నాయా?

ఉన్నాయి. పూత పూసేవి మాత్రం స్థానికంగా రెండే రెండు: ఒక గడ్డి, ఒక చిన్న తెల్లపూల మొక్క. అవీ దక్షిణ అమెరికా వైపు సాగిన ద్వీపకల్పంలోనే. మిగతా రాజ్యమంతా నాచుదీ లైకెన్లదీ. నాచులో సుమారు 110 జాతులు, లైకెన్లలో 400 దాకా ఉన్నాయి. ఖండంలో మంచు కప్పని నేల అర శాతం కూడా లేదు. ఆ కాస్తలోనే వీటి కాపురం. లైకెన్లు దక్షిణంగా 86 డిగ్రీల అక్షాంశం దాటి కూడా దొరికాయి, అంటే ధ్రువం ఇంకెంతో దూరం లేదు.

ఆర్కిటిక్ సంగతి వేరు. అక్కడ టండ్రా, అంటే చెట్లు పెరగని చలి నేల, చాలా ఉంది, పొదలున్నాయి, గడ్డి ఉంది, పూలున్నాయి. లైకెన్లు సుమారు 1,750 జాతులు, నాచూ దాని దగ్గరి చుట్టాలూ కలిపి 900 దాకా. దక్షిణాన వీటికి ఎదురు లేదు. ఉత్తరాన పక్కింటివాళ్ళతో పోటీ ఉంది. ఈ ఒక్క తేడాను గుర్తుపెట్టుకోండి, కింద చాలా ప్రశ్నలకు జవాబు ఇందులోనే ఉంది.

అంత చలిలో గడ్డకట్టి చచ్చిపోవా?

మొక్కను గడ్డకట్టించి చంపేది చలి కాదు, దాని లోపలి నీరు. కణంలో నీరు మంచు ముక్కలైతే ఆ ముక్కల అంచులు పొరలను చీల్చేస్తాయి. టమాటాను ఫ్రీజర్లో పెట్టి తీస్తే పిప్పిలా మారేది ఇందుకే.

నాచు, లైకెన్లు ఆ నీటినే వదిలేస్తాయి. మామిడిచెట్టు లోపల తేమ ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండాలి, లేకపోతే వాడిపోతుంది. నాచుకు అలాంటి పట్టింపు లేదు. గాలి పొడిగా ఉంటే తానూ పొడిగా అయిపోతుంది, తడి వస్తే తానూ తడుస్తుంది. ఎండేటప్పుడు కణాల్లో చక్కెరలు చిక్కబడి గాజులా గట్టిపడతాయి. లైకెన్లలో అయితే చక్కెరకు చుట్టాలైన పాలియాల్‌లు ఆ పని చేస్తాయి. పొరలూ ప్రోటీన్లూ ఆ గాజులో ఎక్కడివక్కడ కదలకుండా నిలిచిపోతాయి. అప్పుడు అది బతికి లేదు, చావనూ లేదు. ఊపిరి ఆపి కూర్చుంది. బాగా ఎండిన కొన్ని లైకెన్లను మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి తీసి తడిపితే మళ్ళీ పని మొదలుపెట్టాయి.

ఇది మన పెరట్లోనూ కనిపించే విద్యే. రోహిణి కార్తెలో ప్రహరీ గోడ మీద నల్లగా, గీకితే పొడిగా రాలే పొర ఉంటుంది కదా. తొలకరి చినుకు పడిన గంటలోపే అది పచ్చబడుతుంది. కొత్తగా మొలిచింది అనుకుంటాం. మొలవలేదు, లేచింది.

అయితే అక్కడ కష్టం చలి కాదా?

కాదు, దాహం. ఈ విషయం మీద మాట్లాడే ప్రతివాళ్ళకూ నేను ముందుగా చెప్పే మాట ఇదే: ధ్రువాల దగ్గర థర్మామీటర్ కాదు, తడి గంటలు లెక్కపెట్టండి. చుట్టూ ఉన్న నీరంతా మంచు రూపంలో ఉంటే మొక్కకు అది ఎడారే. అంటార్కిటికాలోని మెక్‌ముర్డో డ్రై వ్యాలీస్ అనే లోయల్లో ఏడాది సగటు ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, పడే మంచు కూడా చాలావరకు కరగకుండానే గాలిలో ఆవిరైపోతుంది. నాచుకు కావలసింది కరిగిన నీరు, అదీ వెలుతురున్న వేళ, గడ్డకట్టనంత వెచ్చగా. ఈ మూడూ ఒకేసారి కుదిరే గంటలే దాని బతుకు. మిగతా ఏడాదంతా నిద్ర.

ఆ గంటలను పెంచుకోవడానికి ఎవరి తంటాలు వాళ్ళవి. నాచు ఒంటరిగా పెరగదు, దగ్గరదగ్గరగా ఒత్తుకుని దిండులా పెరుగుతుంది. దిండు లోపల నీరు నిలుస్తుంది, గాలి తగలదు, ముదురు రంగు ఎండను తాగుతుంది. బయట గాలి సున్నా దగ్గర ఉన్న ఎండ రోజున కూడా నాచు దిండు పైభాగం 20 డిగ్రీలు దాటడం కొలిచి చూశారు. మనిషి ఎత్తులో అంటార్కిటికా, చీమ ఎత్తులో ఊటీ.

లైకెన్ ఇంకో అడుగు ముందుంది. పచ్చ శైవలం ఉన్న లైకెన్లకు నీటి చుక్కే అక్కరలేదు. గాలిలోని తేమ, పక్కనున్న మంచు నుంచి లేచే ఆవిరి పీల్చుకునే పని మొదలుపెట్టగలవు. అంబిలికేరియా ఏప్రినా అనే లైకెన్ మైనస్ 17 డిగ్రీల దగ్గర కూడా కిరణజన్య సంయోగక్రియ జరుపుతుండగా పరికరాలతో పట్టుకున్నారు. నీలి-ఆకుపచ్చ బ్యాక్టీరియాతో జతకట్టిన లైకెన్లకు ఈ వరం లేదు, వాటికి ద్రవరూపంలో నీరు తగలాల్సిందే. పొడి లోయల్లో మొదటి రకమే ఎందుకు నెగ్గుకొస్తుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

వేళ్ళు లేవు, మట్టీ లేదు. మరి తిండి ఎక్కడిది?

చక్కెర సొంత వంట. నత్రజని మాత్రం బయటినుంచి రావాలి. అంటార్కిటికాలో దానికి పెద్ద దాత పెంగ్విన్. పెంగ్విన్ల రెట్ట నుంచి అమ్మోనియా గాలిలో కలిసి చుట్టుపక్కల రాళ్ళ మీద పడుతుంది. కాలనీల దగ్గర రాళ్ళు నారింజరంగు లైకెన్లతో మెరిసిపోయేది అందుకే.

ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క తూర్పు అంటార్కిటికాలోని ఆస్ట్రేలియా కేంద్రం కేసీ దగ్గరిది. అక్కడి నాచు పడకల దగ్గర ఇప్పుడు పెంగ్విన్లు లేవు. నాచులోని నత్రజని రకాలను పరీక్షిస్తే అది సముద్రపు పక్షులదేనని తేలింది. వేల ఏళ్ళ కిందట అక్కడ కాలనీ ఉండేది, పక్షులు వెళ్ళిపోయాయి, ఎరువు మిగిలింది. ఆ పాతకాలపు రెట్ట మీదే నాచు ఈనాటికీ బతుకుతోంది. మన పల్లెల్లో పాత పాటిమట్టిని పొలానికి తోలుకునేవాళ్ళకు ఇది వింతగా ఉండదు.

రాతి లోపల బతికేవి కూడా ఉన్నాయంటారు. నిజమా?

నిజం. డ్రై వ్యాలీస్‌లోని ఇసుకరాయిని సుత్తితో పగలగొడితే, పైన గోధుమరంగు పెంకు, దాని కింద కొన్ని మిల్లీమీటర్ల లోతులో మొదట నల్లటి చార, తర్వాత తెల్లటి చార, తర్వాత పచ్చటి చార వరసగా కనిపిస్తాయి. ఎవరో గీత గీసినట్టుగా ఉంటాయి. అది లైకెనే, ఇసుక రేణువుల మధ్య సందుల్లో పరుచుకుని ఉంటుంది. నల్ల పొర ఎండకు గొడుగు, పచ్చ పొర వంటిల్లు. ఇమ్రె ఫ్రైడ్‌మన్ అనే శాస్త్రవేత్త 1970లలో ఈ లోకాన్ని బయటపెట్టాడు. అంతకుముందు ఆ లోయల రాళ్ళలో ప్రాణమే లేదనుకునేవాళ్ళు. ఎండ పడితే రాయి లోపల బయటి గాలి కన్నా వెచ్చగా ఉంటుంది, కరిగిన మంచు తేమ సందుల్లో రోజుల తరబడి ఉంటుంది. అంగారకుడి మీద ప్రాణం వెతికేవాళ్ళు ఈ రాళ్ళను ఎందుకంత శ్రద్ధగా చదువుతారో ఇక చెప్పక్కర్లేదు.

ఎంత వేగంగా పెరుగుతాయి?

వేగం అనే మాట ఇక్కడ వాడకూడదు. కేసీ దగ్గరి నాచు ఏడాదికి ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. ధ్రువపు లెక్కలో అది పరుగే. డ్రై వ్యాలీస్‌లో బుయెల్లియా ఫ్రిజిడా అనే నల్ల లైకెన్ వందేళ్ళకు ఒక మిల్లీమీటరు. అరచేతిలో సగం ఉన్న మచ్చ కనిపిస్తే, అది మొలిచిన రోజులకు మన దగ్గర శాతవాహనులు కూడా ఇంకా రాలేదు. అదే జాతి సముద్రం దగ్గర తేమ దొరికే చోట ఇంతకన్నా ఎన్నో రెట్లు త్వరగా పెరుగుతుంది. జాతి ఒకటే, తడి గంటలు వేరు.

ఈ నిదానాన్ని గడియారంగా వాడుకోవడం కూడా ఉంది. రైజోకార్పన్ అనే పసుపుపచ్చ లైకెన్, నల్ల గీతలతో అచ్చం దేశపటంలా ఉంటుంది. దాని వెడల్పు కొలిచి ఆ రాయి మంచు కింద నుంచి ఎప్పుడు బయటపడిందో అంచనా వేస్తారు. రోలండ్ బెషెల్ 1950లో ఆల్ప్స్ పర్వతాల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒక చోట కుదిరిన లెక్క ఇంకో చోట కుదరదు, కాబట్టి ఊరికి ఊరికి కొలబద్ద మార్చుకోవాలి.

వందల ఏళ్ళు మంచు కింద ఉన్న నాచు మళ్ళీ బతికిందట. పుకారా?

పుకారు కాదు, రెండు వేర్వేరు చోట్ల రుజువైంది.

మొదటిది ఉత్తరాన, కెనడాలోని ఎల్స్‌మియర్ ద్వీపంలో. టియర్‌డ్రాప్ అనే హిమానదం వెనక్కి జరుగుతుంటే దాని అంచున నల్లబడిన పాత నాచు బయటపడింది. 1550కీ 1850కీ మధ్య వచ్చిన చిన్న మంచుయుగంలో కప్పబడినది. చచ్చిందనే అనుకున్నారు. కానీ క్యాథరిన్ లా ఫార్జ్ బృందం వంగి చూస్తే ఆ నల్లటి కాడల చివర పచ్చటి చిగురు ఉంది. ప్రయోగశాలకు తెచ్చి, నూరి, మట్టి మీద చల్లితే మళ్ళీ మొలిచింది. సుమారు నాలుగు వందల ఏళ్ళ నిద్ర. ఈ ఫలితం 2013లో అచ్చయింది.

రెండోది దక్షిణాన సిగ్నీ ద్వీపం. అక్కడ నాచు తరతరాలుగా తన మీద తానే పెరిగి గట్లుగా పేరుకుంది, లోపలి భాగం శాశ్వతంగా గడ్డకట్టి ఉంటుంది. ఆ గట్టులోకి గొట్టం దించి తీసిన నమూనాను అడ్డంగా కోసి, మీటరుకు పైగా లోతు నుంచి వచ్చిన ముక్కను వెచ్చగా, వెలుతురులో ఉంచారు. కొన్ని వారాలకు చిగురు వేసింది. కార్బన్ కాలనిర్ణయం ప్రకారం ఆ ముక్క వయసు 1,500 ఏళ్ళ పైనే. 2014లో ప్రకటించారు.

ఇది ఎలా సాధ్యమంటే, నాచులో దాదాపు ఏ కణమైనా మొత్తం మొక్కగా మారగలదు. ఒక్క కణం క్షేమంగా మిగిలితే చాలు.

నాచులో కాపురముండే చిన్న ప్రాణుల సంగతి కూడా ఇలాగే ఉంది. జపాన్ వాళ్ళు 1983లో అంటార్కిటికా నుంచి తెచ్చి ఫ్రీజర్లో ఉంచిన నాచును 30 ఏళ్ళ తర్వాత కరిగిస్తే అందులోంచి టార్డిగ్రేడ్ అనే ఎనిమిది కాళ్ళ సూక్ష్మజీవి మెల్లగా కాలు కదిపింది. తర్వాత గుడ్లు కూడా పెట్టింది.

అంతరిక్షంలోకి కూడా పంపారా?

పంపారు. 2005లో రెండు రకాల లైకెన్లను ఒక వ్యోమనౌక బయట రెండు వారాల పాటు శూన్యానికీ సూర్యుడికీ వదిలేస్తే తిరిగొచ్చి పని చేశాయి. తర్వాత క్సాంథోరియా ఎలిగాన్స్ అనే నారింజ లైకెన్ అంతరిక్ష కేంద్రం బయట ఏడాదిన్నర ఉంది. ఎండి నిద్రలో ఉన్నవి కాబట్టి తట్టుకున్నాయి. అక్కడ పెరిగాయని మాత్రం అనుకోవద్దు.

ఓజోన్ రంధ్రం వీటిని ఏం చేసింది?

రెండు రకాలుగా తగిలింది, రెండోది ఎవరూ ఊహించనిది.

మొదటిది తెలిసిందే: ఓజోన్ పొర పలచబడితే ఎక్కువగా లోపలికొచ్చే అతినీలలోహిత కిరణాలు. దీనికి వీటి దగ్గర గొడుగులున్నాయి. గడ్డంలా వేలాడే ఉస్నియా లైకెన్లలో పసుపుపచ్చ ఉస్నిక్ ఆమ్లం, క్సాంథోరియాలో నారింజ రంగు పారియెటిన్, బుయెల్లియాలో నల్లటి మెలనిన్. అంటార్కిటికా రాళ్ళ మీద కనిపించే రంగులన్నీ ఎండ నుంచి కాపాడే పూతలే. సెరటోడాన్ అనే నాచు అయితే ఆ పూతను కణం గోడల్లోకే దట్టించుకుంటుంది.

రెండోది గాలి. ఓజోన్ తగ్గడం వల్ల పై వాతావరణం చల్లబడి, ఖండం చుట్టూ తిరిగే పడమటి గాలులు బిగిశాయి, దక్షిణానికి జరిగాయి. గ్రీన్‌హౌస్ వాయువులు దానికి తోడయ్యాయి. ఫలితంగా తూర్పు అంటార్కిటికా తీరంలో కొన్ని చోట్ల వేసవి చల్లగా, గాలి ఎక్కువగా మారింది. మంచు తక్కువ కరిగింది, గాలి తడిని ఎగరేసుకుపోయింది. అంటే ఓజోన్ రంధ్రం నాచును ఎండతో కన్నా దాహంతో ఎక్కువ కొట్టింది.

అది కళ్ళకు కనిపించిందా?

కనిపించింది, రంగులో. కేసీ దగ్గర విండ్‌మిల్ దీవుల్లో దట్టమైన నాచు పడకలున్నాయి. వలన్‌గాంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన షారన్ రాబిన్సన్ బృందం ఆ పడకల్లో గళ్ళుగా గుర్తుపెట్టుకున్న చోట్లనే 2000 నుంచి 2013 దాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసింది. ఆరోగ్యంగా ఉన్న నాచు పచ్చగా ఉంటుంది. ఒత్తిడిలో పడితే పత్రహరితాన్ని తగ్గించుకుని ఎర్రటి రంగులు పెంచుకుంటుంది. ఇంకా ఎండితే బూడిదరంగు. ఆ పదమూడేళ్ళలో పచ్చ గళ్ళు ఎర్రగా, కొన్ని బూడిదగా మారాయి. అంతేకాదు, తడిని ప్రేమించే అక్కడి ప్రత్యేక జాతి స్కిస్టిడియం అంటార్క్‌టిసి ఏలిన చోటుకు పొడిని ఓర్చుకునే సెరటోడాన్, బ్రయమ్ జాతులు చొరబడ్డాయి. 2018లో ఈ ఫలితం వచ్చినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయింది వేగానికి. ఏడాదికి మిల్లీమీటరు పెరిగే చోట పదమూడేళ్ళలో ఇంత మార్పు!

పాత వాతావరణం నాచుకు ఎలా గుర్తుంటుంది?

నాచు పైకి పెరుగుతూ పోతుంది, కిందిది అలాగే ఉండిపోతుంది. కాబట్టి ఒక కాడ అంటే నిలువుగా రాసిన చిట్టా. ఆ చిట్టాకు తారీఖులు వేయడానికి 1950, 60లలో జరిగిన అణుపరీక్షలు పనికొచ్చాయి. అప్పుడు గాలిలో రేడియోధార్మిక కార్బన్ ఒక్కసారిగా పెరిగింది. కాడలో ఆ గుర్తు ఎక్కడుందో చూస్తే అరవై ఏళ్ళలో ఎంత పెరిగిందో తెలుస్తుంది. ఇక తడి సంగతి: నీరు కప్పి ఉన్నప్పుడు నాచు పీల్చే కార్బన్ రకాల పాళ్ళు ఒకలా, పొడిగా ఉన్నప్పుడు ఇంకోలా ఉంటాయి. ముక్క ముక్కగా కోసి ఆ పాళ్ళు కొలిస్తే ఏ దశాబ్దం తడి, ఏ దశాబ్దం పొడి అన్నది బయటికొస్తుంది. చెట్టు కాండంలో వలయాలు లెక్కపెట్టడం లాంటిదే, కాకపోతే చెట్టు వేలెడంత కూడా ఉండదు.

అంటార్కిటికా పచ్చబడుతోందని వార్తలొచ్చాయి. మీరేమో ఎండిపోతోందంటున్నారు. ఏది నిజం?

రెండూ. ఖండం మన దేశం కన్నా నాలుగు రెట్లు పెద్దది, అంతటా ఒకే కథ నడవదు.

ఎండుతున్నది పైన చెప్పిన తూర్పు తీరం. పచ్చబడుతున్నది పశ్చిమాన దక్షిణ అమెరికా వైపు సాగిన ద్వీపకల్పం. ఉపగ్రహ చిత్రాలు లెక్కేస్తే అక్కడ పచ్చదనం 1986లో 0.86 చదరపు కిలోమీటర్లు, 2021లో 11.95. పది రెట్లు దాటింది, అదీ 2016 తర్వాత ఇంకా జోరందుకుంది. ఇందులో అధికం నాచే. 2024లో వచ్చిన ఈ లెక్క ప్రపంచమంతా చుట్టింది. నాదొక చిన్న గొణుగుడు: 'అంటార్కిటికా పచ్చని ఖండం' అని శీర్షికలు పెట్టినవాళ్ళు ఆ 12 చదరపు కిలోమీటర్లు ఎంతో చెప్పలేదు. రెండు మూడు హుస్సేన్‌సాగర్‌లంత. విస్తీర్ణం కాదు, పెరిగే తీరు చూసి కంగారుపడాలి. ద్వీపకల్పపు దీవుల్లోని నాచు గట్ల నుంచి తీసిన నమూనాలూ ఇదే చెప్పాయి: గత 150 ఏళ్ళ చిట్టాలో 20వ శతాబ్దం రెండో సగం నుంచి పెరుగుదల ఊపందుకుంది.

పచ్చబడితే మంచిదే కదా?

నాచుకు ఇప్పటికి మంచిదే. నాచు వచ్చిన చోట మట్టి పుడుతుంది. మట్టి పుట్టిన చోటికి పరదేశీ గింజలు వస్తాయి. పర్యాటకుల బూట్లకూ సంచులకూ అంటుకుని వచ్చే గడ్డి గింజలకు ఇంతకాలం అక్కడ దిగడానికి చోటు లేదు, ఇప్పుడు మెత్తటి పరుపు సిద్ధమవుతోంది. ఎదురులేని రాజ్యానికి పోటీదారులు రావడమంటే ఏమిటో చూడాలంటే ఉత్తరానికి వెళ్ళాలి.

ఆర్కిటిక్‌లో పోటీ ఎలా ఉంది?

లైకెన్లు ఓడిపోతున్నాయి. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ మిగతా భూమి సగటు కన్నా దాదాపు నాలుగు రెట్ల వేగంగా వేడెక్కింది. వెచ్చదనం దొరికేసరికి విల్లో, బర్చ్ పొదలు ఎత్తు పెరిగాయి, ఆకులు రాల్చాయి. లైకెన్‌కు వెలుతురే ఆస్తి, దాని మీద నీడ పడింది, ఆకుల చెత్త కప్పింది. మోకాలెత్తు పొద ముందు అంగుళమెత్తు లైకెన్ ఏం పోటీ పడుతుంది? 1990 నుంచి టండ్రాలో చాలా చోట్ల పైకప్పు లేని పారదర్శక పెట్టెలు బిగించి, లోపల ఒకటి నుంచి మూడు డిగ్రీలు వేడి పెంచి చూస్తున్నారు. వాటిలో కూడా పొదలు, గడ్డి పెరిగిన చోట లైకెన్లు తగ్గడమే ఎక్కువగా కనిపించింది.

అక్కడ నాచు చేసే ఇంకో పని చాలామందికి తెలియదు. అది నేలకు దుప్పటి, అదీ తెలివైన దుప్పటి. వేసవిలో పైపొర ఎండి, లోపల గాలి నిండి, బయటి వేడిని కిందికి పోనివ్వదు. శీతాకాలంలో తడిసి గడ్డకట్టి, నేలలోని వేడిని సులువుగా బయటికి వదిలేస్తుంది. అంటే ఎండాకాలం దుప్పటి కప్పి, చలికాలం దుప్పటి తీసేస్తుంది. వేల ఏళ్ళుగా గడ్డకట్టిన నేల కరగకుండా ఉండటంలో దీని వాటా ఉంది. ఒక అగ్గి ఈ పొరను కాల్చేస్తే కింద నేల కరగడం మొదలవుతుంది. అలాస్కాలో 2007లో అనక్తువుక్ నది దగ్గర వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా టండ్రా తగలబడినప్పుడు జరిగింది అదే.

వేడి పెరిగితే దక్షిణాన లైకెన్లకైనా లాభమేనా?

ఎప్పుడు పెరిగిందన్నది ముఖ్యం. వేసవిలో, వెలుతురున్నప్పుడు తడితోపాటు వెచ్చదనం వస్తే లాభం. శీతాకాలపు చీకట్లో మంచు కరిగి లైకెన్ తడిస్తే అది మేలుకుంటుంది, ఊపిరి పీల్చడం మొదలుపెడుతుంది, వండటానికి వెలుతురు లేదు. దాచుకున్నది తినేస్తుంది. అలాంటి మెలకువలు ఎక్కువైతే ఆకలితో పోతుంది. నిద్రే దానికి రక్ష.

చల్లబడినా చిక్కే. దక్షిణ షెట్లాండ్ దీవుల్లోని లివింగ్‌స్టన్‌లో స్పెయిన్ శాస్త్రవేత్తలు 1991 నుంచి లైకెన్లను కొలుస్తున్నారు. మొదటి పదేళ్ళు బాగా పెరిగాయి. 2002 తర్వాత ఆ ప్రాంతం కొన్నేళ్ళు చల్లబడి, మంచు వేసవిలోనూ ఎక్కువ రోజులు నిలిచింది. దాంతో పెరుగుదల పడిపోయింది, కొన్ని చచ్చాయి. వేల ఏళ్ళు బతికే జీవి కూడా నాలుగైదు చెడ్డ వేసవులకు లొంగిపోగలదు.

ఇక వడగాలులు కొత్త తలనొప్పి. 2020 జనవరిలో కేసీ దగ్గర 9.2 డిగ్రీలు నమోదైంది, అక్కడికి అది రికార్డు. మంచు విపరీతంగా కరిగి, ఎండిపోయిన నాచుకు కొన్నిచోట్ల నీళ్ళు అందాయి. ఇంకొన్ని చోట్ల ఆ వరద నాచునే కొట్టుకుపోయేలా చేయగలదు.

రెయిన్‌డీర్‌లకూ లైకెన్లకూ ఏమిటి సంబంధం?

ఉత్తర ధ్రువం వైపు మందలుగా తిరిగే ఈ జింకలకు లైకెన్లు శీతాకాలం తిండి. మంచును గిట్టలతో తవ్వి కింద ఉన్న క్లాడోనియా లైకెన్లను తింటాయి. ఏడాదికి మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు పెరిగే మేత అది, ఒకసారి నున్నగా మేసేస్తే కోలుకోవడానికి దశాబ్దాలు. బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ దీవిలో 1944లో 29 రెయిన్‌డీర్‌లను వదిలారు. 1963 నాటికి 6,000 అయ్యాయి. లైకెన్ అయిపోయింది. ఘోరమైన శీతాకాలం ఒకటి వచ్చింది. 1966లో లెక్కపెడితే 42 మిగిలాయి.

ఇప్పుడు సమస్య మేత ఉన్నా నోటికి అందకపోవడం. శీతాకాలం నడుమ వాన పడి, మంచు మీద గట్టి గాజుపొర కడుతోంది. 2013 నవంబరులో రష్యాలోని యమాల్‌లో ఇలాగే జరిగింది, 61,000 రెయిన్‌డీర్‌లు ఆకలితో చనిపోయాయి. నెనెట్స్ పశుకాపరులకు అది పశువుల నష్టం ఒక్కటే కాదు, బండి, గుడారం, తిండి అన్నీ పోవడం.

చెర్నోబిల్‌కూ లైకెన్‌కూ లంకె ఉందట?

ఉంది. వేళ్ళు లేవు కాబట్టి గాలిలో ఏది వస్తే అది పీల్చుకుంటుంది, వడపోత లేదు. 1986లో ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం పేలిన తర్వాత సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం వానతో స్కాండినేవియా మీద పడింది, లైకెన్‌లో చేరింది, అక్కడినుంచి రెయిన్‌డీర్‌లోకి, దాని మాంసం మీద బతికే అక్కడి ఆదివాసులైన సామీ ప్రజల పళ్ళెంలోకి. కిలోకు 300 బెకరెల్‌ల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) పరిమితి దాటిన మాంసాన్ని స్వీడన్ పారబోయించింది. మరుసటేడు ఆ పరిమితిని 1,500కు పెంచింది. నార్వే అయితే రెయిన్‌డీర్ మాంసానికి 6,000 చేసింది. మాంసం మారలేదు, గీత మారింది. పక్కా తర్కం ఉందంటారు అధికారులు, లేకపోతే సామీల బతుకుతెరువే పోయేది. రెండు వైపులా బాధే.

మనవాళ్ళు అక్కడ ఏమైనా చేస్తున్నారా?

అంటార్కిటికాలో మన కేంద్రాలు రెండు నడుస్తున్నాయి: షిర్మాకర్ ఒయాసిస్‌లో మైత్రి, లార్సెమన్ కొండల్లో 2012లో మొదలైన భారతి. ఆర్కిటిక్‌లో నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌లో హిమాద్రి 2008 నుంచి ఉంది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థవాళ్ళు షిర్మాకర్ లైకెన్లను ఏళ్ళుగా నమోదు చేస్తున్నారు. భారతి దగ్గర దొరికిన ఒక నాచును పంజాబ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం జీవశాస్త్రవేత్త ఫెలిక్స్ బాస్ట్ బృందం 2021లో కొత్త జాతిగా ప్రకటించి బ్రయమ్ భారతియెన్సిస్ అని పేరు పెట్టింది.

అక్కడికి వెళ్తే నాచు మీద నడవచ్చా?

వద్దు. ఒక బూటు గుర్తు దశాబ్దాలు ఉంటుంది. అంటార్కిటికా పర్యావరణాన్ని కాపాడే 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందం కింద కొన్ని నాచు పడకలకు ప్రత్యేక రక్షణ ఉంది, అనుమతి పత్రం లేకుండా అడుగు పెట్టకూడదు. దిగేముందు బూట్లు కడిగించేది కూడా ఊరికే కాదు. సిగ్నీ దీవికి 1960లలో ఒక ప్రయోగం కోసం తెచ్చిన మొక్కలతో రెక్కల్లేని ఒక చిన్న ఈగ వచ్చి చేరింది. ఇప్పుడు అది కుళ్ళును తిని నేలలో నత్రజని పెంచుతోంది, అక్కడి నేల తీరే మారుతోంది. తెచ్చింది శాస్త్రవేత్తలే.

మసాలా డబ్బాలోని రాతిపువ్వును తడిపితే మళ్ళీ బతుకుతుందా?

ఎండబెట్టి, మూటకట్టి, నెలల తరబడి కొట్లో ఉన్నదాని మీద ఆశ పెట్టుకోకండి. కానీ సరుకు కొత్తదైతే ఒక పని చేసి చూడండి. ఒక ముక్కను పళ్ళెంలో పెట్టి, బూడిదరంగు వైపు రెండు చుక్కల నీళ్ళు వేయండి. నిమిషంలో పెళుసుతనం పోయి తోలులా మెత్తబడుతుంది. పైపొర తడికి పారదర్శకమై, అడుగున ఉన్న శైవలం పచ్చదనం లీలగా కనిపిస్తుంది. అక్కడ అంటార్కిటికా రాయి మీద జనవరి మధ్యాహ్నం మంచు కరిగినప్పుడు మొదటి నిమిషంలో జరిగేది సరిగ్గా ఇదే. చూశాక ఆ ముక్కను బిర్యానీలో వేసేసుకోవచ్చు, తడిసినంత మాత్రాన వాసన పోదు.